మీ భుజం సంగతి మీరు చెబితేనే తెలుస్తుంది

భుజం నొప్పితో మా ఫిజియోథెరపీ గదికి వచ్చేవారికి మొదట ఒక కాగితం ఇస్తాము. ఏ పని చేయడం ఎంత కష్టంగా ఉందో అందులో వరుసగా అడుగుతారు. “మందు తీసుకునేకి వచ్చినాం గానీ పరీక్ష రాసేకి కాదు సిస్టరమ్మా” అని చాలామంది నవ్వుతారు. ఆ కాగితం ఎందుకో ఈసారి చెప్పుకుందాం.

ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది. చేయి ఎంతవరకు లేస్తుందో కొలవవచ్చు. కాని జడ వేసుకోగలుగుతున్నారా, రాత్రి నిద్ర పడుతున్నదా అన్నది మీరే చెప్పాలి. అందుకోసం తయారైన ప్రశ్నావళులలో పేరున్నది ‘డ్యాష్’. కెనడా, అమెరికా నిపుణులు కలిసి తయారు చేయగా 1996లో వెలువడింది. ఇందులో 30 ప్రశ్నలు. మొత్తం లెక్క 0 నుండి 100 వరకు. అంకె పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువ అని అర్థం.

తక్కెడ సరిగా ఉందో లేదో చూసుకున్నట్లే ప్రశ్నావళిని కూడా పరీక్షించాలి. నొప్పిలో మార్పు లేని మనిషిని కొద్ది రోజుల తేడాతో రెండుసార్లు అడిగితే లెక్క దాదాపు ఒకటే రావాలి. నిజంగా నయమైతే అంకె తగ్గాలి. చేయి కదలికను కొలిచిన ఫలితంతో కూడా పొంతన ఉండాలి.

భాష మారితే ఈ పరీక్షలన్నీ మళ్ళీ చేయాలి. ఒకరు అనువదిస్తే, మూలం చూడని మరొకరు దానిని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి సరిచూస్తారు. తరువాత రోగులను అడిగి చూస్తారు. 13 ప్రశ్నల ‘స్పాడీ’ని తమిళంలో ఇలాగే పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు.

మాటతో పాటు బ్రతుకు కూడా కుదరాలి. డ్యాష్‌లో గోల్ఫ్, టెన్నిస్ ఉదాహరణలు ఉన్నాయి. మన అనంతపురం పల్లెల్లో భుజానికి పని నీళ్ళ బిందె ఎత్తడం, సంగటి కెలకడం, శెనగచెట్లు పెరకడం. అయితే ప్రశ్నలను మా ఇష్టం వచ్చినట్లు మారిస్తే ఆ లెక్కను ఇతరుల లెక్కతో పోల్చలేము. కాబట్టి మన పనులను విడిగా అడిగి రాసుకుంటాము.

షుగరు ఉన్న ఒక అమ్మకు భుజం బిగుసుకుపోయింది. నెల తరువాత ప్రతి ప్రశ్నకూ “పర్వాలేదు” అన్నది. వ్యాయామాలు తగ్గిద్దామనుకున్నాము. అప్పుడు కోడలు, “రైక హుక్కులు ఇప్పటికీ నేనే పెడుతున్నా మేడమ్” అన్నది. అమ్మను మళ్ళీ అడిగితే, “మీరింత బాగా చూస్తాంటే తగ్గలేదని ఎట్ల చెప్పేది?” అన్నది. తప్పు మాది కూడా. చదవలేని ఆమెకు మేమే చదివి వినిపిస్తూ “తగ్గింది కదా అమ్మా?” అని అడిగాము. ఇప్పుడు కాగితంలో ఉన్న మాటనే ఉన్నట్లు చదువుతున్నాము.

మీరు గుర్తుంచుకోవలసినవి:

1. గడచిన వారం రోజుల సంగతే చెప్పండి.
2. ఏ చేత్తో చేశారన్నది ముఖ్యం కాదు, ఆ పని చేయగలిగారా అన్నదే ముఖ్యం.
3. ఆ వారం చేయని పని అయితే, చేస్తే ఎంత కష్టమో అంచనాగా చెప్పండి.
4. ఖాళీలు వదలకండి. డ్యాష్‌లో మూడింటికి మించి ఖాళీలుంటే లెక్క కట్టలేము.
5. వెంట వచ్చినవారు తొందరపడి జవాబు చెప్పవద్దు. తెలిసిన సంగతి చివర చెప్పండి.

నొప్పి తగ్గలేదంటే మేము నొచ్చుకోము. ఉన్నది ఉన్నట్లు చెబితేనే మీకు తగిన వైద్యం చేయగలము.