ఫోన్‌లో కనిపించే విమానం పైలట్‌కు కనిపించదా?

ఆ మధ్య మా అమ్మాయి దుబాయ్ మీదుగా హైదరాబాద్ వస్తుంటే, నేనూ మా ఆవిడా ఫోన్‌లో ఆ విమానాన్ని చూస్తూ కూర్చున్నాం. పసుపు రంగు బొమ్మ మ్యాప్ మీద మెల్లగా జరుగుతోంది. మా ఆవిడ అడిగింది, "మనకే ఇంత చక్కగా కనిపిస్తుంటే విమానాలు ఒకదాన్నొకటి గుద్దుకోవడమేంటండీ?" అని. నేను వెంటనే ఏదో చెప్పబోయి ఆగిపోయాను. ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్న గురించే.

ముందు పాత రాడార్ సంగతి చూద్దాం. అది తరంగాలు వదులుతుంది, విమానానికి తగిలి వెనక్కి వచ్చినవాటిని పట్టుకుంటుంది. ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది గానీ ఎంత ఎత్తులో ఉందో తెలియదు. 1996 నవంబర్ 12న ఢిల్లీలో ఉన్నది ఇలాంటి రాడారే. సౌదీ విమానం 14 వేల అడుగుల్లో వెళుతోంది, ఎదురుగా వచ్చే కజకిస్తాన్ విమానం 15 వేల దగ్గర ఆగాలి. అది ఇంకా కిందికి దిగిపోయింది. కంట్రోలర్‌కు తెరమీద చుక్కలు కనిపించాయి, ఎత్తు కనిపించలేదు. చర్ఖీ దాద్రీ పొలాల మీద 349 మంది చనిపోయారు.

తర్వాత వచ్చిన రాడార్లు విమానాన్ని "నువ్వెవరు, ఎంత ఎత్తులో ఉన్నావు?" అని అడుగుతాయి. విమానంలో ఉండే ట్రాన్స్‌పాండర్ జవాబు చెబుతుంది. కానీ యాంటెన్నా గుండ్రంగా తిరగాలి కదండీ, ఒక చుట్టుకి ఎయిర్‌పోర్టు దగ్గరైతే 5 సెకన్లు, దూరపు రాడార్లకైతే 12 సెకన్ల దాకా పడుతుంది. జెట్ విమానం 12 సెకన్లలో రెండు మూడు కిలోమీటర్లు పోతుంది!

ఇప్పుడు వచ్చిన పద్ధతి ఏడీఎస్‌-బీ. ఇందులో ఎవరూ అడగక్కర్లేదు. విమానమే జీపీఎస్ చూసుకుని, నేనిక్కడున్నాను, ఇంత ఎత్తులో, ఇంత వేగంతో పోతున్నాను అని సెకనుకోసారి రేడియోలో చాటింపు వేస్తుంది. అది రహస్యం కాదు. ఔత్సాహికులు మేడమీద చిన్న రిసీవర్ పెట్టుకుని వింటారు. మన ఫోన్‌లో కనిపించే పసుపు బొమ్మ ఎక్కువగా వాళ్ల పుణ్యమే.

అయితే ఇక్కడో మెలిక ఉంది. నేలమీద ఎన్ని స్టేషన్లు కట్టినా, చాటింపు వేసే పెట్టె విమానంలో లేకపోతే దండగ. విమానం యజమానేమో "స్టేషన్లే లేనప్పుడు నేనెందుకు కొనాలి?" అంటాడు. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టే. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2010లో నిబంధన తెచ్చి, 2020 జనవరి 1 దాకా గడువిచ్చింది. స్టేషన్లు 2014కే సిద్ధమయ్యాయి, విమానాలే వెనకబడ్డాయి. చిన్న విమానాల వాళ్లు ముందుకు రావడానికి 500 డాలర్లు చేతిలో పెట్టాల్సి వచ్చింది. పెట్టె బిగించడానికి వేల డాలర్లవుతుంటే 500 ఏ మూలకి? అయినా కొంతమంది కదిలారు.

నా ఉద్దేశంలో అసలు లోపం ఇంకోటి. ఈ నిబంధన చెప్పింది "ఔట్" గురించి మాత్రమే, అంటే చాటింపు వేయడం. పక్క విమానాల చాటింపు విని పైలట్‌కు తెరమీద చూపించే "ఇన్" తప్పనిసరి చేయలేదు. నోరు పెట్టారు, చెవులు వదిలేశారు. పైగా 2019లో సైన్యం లాంటి ప్రభుత్వ విమానాలకు కొన్ని పనుల్లో ఔట్ కూడా ఆపేసుకునే వీలిచ్చారు.

2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్‌లో, పొటోమాక్ నది మీద ఒక ప్రయాణికుల జెట్, ఒక సైనిక హెలికాప్టర్ ఢీకొన్నాయి. 67 మంది పోయారు. హెలికాప్టర్ నుంచి ఔట్ సంకేతం రావడం లేదు. జెట్‌లో ఇన్ లేదు. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి: హెలికాప్టర్ ట్రాన్స్‌పాండర్ పనిచేస్తోంది, కంట్రోలర్ తెరమీద అది కనిపిస్తూనే ఉంది. జెట్‌లో ఢీకొనకుండా హెచ్చరించే టీక్యాస్ కూడా ఉంది. సుమారు 20 సెకన్ల ముందు "ట్రాఫిక్, ట్రాఫిక్" అంది. కానీ నేలకు వెయ్యి అడుగుల లోపు అది పైకెళ్లమనో కిందికి దిగమనో చెప్పదు, అలాగే తయారు చేశారు. వీళ్లు ఢీకొన్నది సుమారు 300 అడుగుల దగ్గర. ఇన్ చూపించే తెర ఆ పైలట్ల ముందు లేదు.

నేలమీది సంగతీ అంత గొప్పగా ఏం లేదు. అదే ఏడాది ఏప్రిల్ 28న నెవార్క్ విమానాలను చూసే కంట్రోలర్లకు రాడార్, రేడియో రెండూ సుమారు 90 సెకన్లు పోయాయి. అమెరికాలో కొన్నిచోట్ల ఇంకా ఫ్లాపీ డిస్కులు, కాగితం చీటీలు వాడుతున్నారని ఎఫ్ఏఏ పెద్దలే ఒప్పుకున్నారు. వాటిని మార్చడానికి ఇప్పుడు వేల కోట్ల డాలర్లు అంటున్నారు. మంచిదే. విమానంలో పెట్టె ఎవరి ఖర్చుతో, ఎప్పటికల్లా అన్నదే నేను గమనిస్తున్నాను.

మన దగ్గర చర్ఖీ దాద్రీ తర్వాత టీక్యాస్ తప్పనిసరి చేశారు. ఇప్పుడు జీపీఎస్ కొలతను సరిదిద్దే మన సొంత గగన్ ఉంది. 2022 ఏప్రిల్‌లో దాని సాయంతో ఇండిగో విమానం ఒకటి కిషన్‌గఢ్‌లో దిగింది కూడా. ఆ కథ వచ్చే ఎపిసోడ్‌లో చెబుతాను. ఉంటానండీ.