ఆకాశమునకు పోయి వచ్చినవారు

మన యిండ్లలో ప్రయాణమై బయలుదేరువారు "పోవుచున్నాము" అనరు. "పోయి వచ్చెదము" అందురు. పిల్లలు తొందరలో మొదటి మాట యన్నచో పెద్దలు గడప దాటనీయక దిద్దుదురు. పొరుగూరి సంతకు పోవువారికిని, కాశీయాత్రకు పోవువారికిని ఇదియే మాట. పోవుట యెంత దూరమైనను ఇంటనున్నవారికి కావలసినది మరల వచ్చుట. మానవులు భూమిని విడిచి అంతరిక్షమునకు పోవు ప్రయాణమునకును ఈ మాట యెంత చక్కగా చెల్లునో, 2025వ సంవత్సరమున శుభాంశు శుక్లా చేసిన యాత్రను మొదటినుండి తుదివరకు కనిపెట్టి చూచిన మాకు బోధపడినది. ఆ ముచ్చటను సోదరీమణులతో చెప్పుకొనవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

శుక్లా 1985లో లక్నో నగరమున జన్మించి, మన వైమానిక దళమున చేరి, గ్రూప్ కెప్టెన్ పదవి నందినవాడు. 1984 ఏప్రిల్ నెలలో రాకేశ్ శర్మ సోవియట్ నౌకలో పోయివచ్చిన పిదప, 41 సంవత్సరములకు భూమి చుట్టు తిరుగు కక్ష్యను చేరిన రెండవ భారత పౌరుడితడు. యాక్సియమ్-4 అను పేరుగల ఈ యాత్రలో నలుగురు గలరు. నాయకురాలు అమెరికా దేశపు పెగ్గీ విట్సన్ అను విదుషీమణి. ఆమె యాజ్ఞకు లోబడి నౌకను నడపు పైలట్టు మన శుక్లా. తక్కిన యిద్దరిలో ఒకరు పోలండ్ దేశస్థుడు, ఒకరు హంగరీ దేశస్థుడు.

ఈ ప్రయాణము మే 29వ తేదీన జరుగవలసినది. అది జూన్ నెలకు మారినది. ఒకమారు గాలులు అనుకూలింపలేదు. వేరొకమారు రాకెట్టులో ద్రవరూపమున నింపిన ప్రాణవాయువు కారుచున్నట్లు పరీక్షలో తేలినది. అది చక్కబడిన పిమ్మట, వీరు పోయి చేరవలసిన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రముననే రష్యావారి భాగములో గాలి పీడనమును గూర్చి సందేహము కలిగినది. ఇట్లు పలుమారులు ముహూర్తము తప్పినది. మా వీధిలోని పెద్ద ముత్తైదువలు "ఇన్నిమారులు ఆగిన ప్రయాణము మానుకొనుటయే మేలు" అనిరి. మాకు మాత్రము ఆ యాగుటయే శుభశకునముగా తోచినది. సన్నని చెమ్మను చూచి లోకమంతయు ఎదురు చూచుచుండగా ఆగగలిగినవారు, లోపల కూర్చుండువారి ప్రాణములను తమ మాటకంటె మిన్నగా ఎంచినవారే గదా! "చిన్నదేగా" యని పోనిచ్చిన నాడు ఏమి జరిగినదో ముందు చెప్పెదము.

జూన్ 25వ తేదీ బుధవారమున మనకు మధ్యాహ్నము 12 గంటల 1 నిమిషమునకు ప్రయాణము నిశ్చయమైనది. అమెరికాలోని ఫ్లోరిడా తీరమున అప్పటికి తెల్లవారుజాము రెండున్నర. కెన్నెడీ అంతరిక్ష కేంద్రమున 39ఎ అను ప్రయోగవేదికపై ఫాల్కన్-9 రాకెట్టు నిలిచియున్నది. 1969 జూలైలో చంద్రునిపై మొదట అడుగిడినవారు బయలుదేరినదియు ఆ వేదిక నుండియే. మావారు బడిలో పిల్లలకు ఆ దృశ్యమును చూపించుచుండిరి. ఇంట మేమును, మా అత్తగారును, ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురును పొయ్యిమీది పులుసు దింపివచ్చి టెలివిజను ముందు కూర్చుంటిమి.

లెక్క పది నుండి సున్నకు దిగినది. రాకెట్టు అడుగున తొమ్మిది ఇంజనులు ఒక్కుమ్మడి రగుల్కొనినవి. కిరోసిన్ నూనెను, ద్రవప్రాణవాయువును కలిపి మండించు ఆ జ్వాలచే అచటి చీకటి పటాపంచలైనది. మా గదిలో నెవ్వరును మాటాడలేదు. రెండున్నర నిమిషములకు రాకెట్టు క్రింది భాగము విడివడి, వెనుకకు మరలి, బయలుదేరిన తీరముననే కాళ్లు చాచి నిలువుగా దిగినది. పై భాగము నౌకను మోసికొనుచు గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగమునందినది. పది నిమిషములలోపల నౌక కక్ష్యను చేరినది. లోపల చిన్న హంసబొమ్మ యొకటి గాలిలో తేలాడినది. బరువు తెలియని చోటికి వచ్చితిమనుటకు అది గుర్తట. నలుని వార్తను దమయంతికి చేర్చిన హంసను ఎరిగిన మాకు, ఆ బొమ్మ క్షేమవార్తను తెచ్చినట్లేయైనది. లక్నోలో ఒక పాఠశాలయందు పిల్లల నడుమ కూర్చుండి చూచిన శుక్లా తల్లి కన్నీరు తుడుచుకొనుచుండుట వార్తాచిత్రములలో చూపిరి. ఆమెను చూచి మా గదిలోని స్త్రీలందరును కొంగులు కన్నుల కద్దుకొనిరి.

మరునాటి సాయంకాలము నాలుగు గంటలకు నౌక అంతరిక్ష కేంద్రమును కలిసికొనినది. అది భూమికి సుమారు 400 కిలోమీటర్ల యెత్తున, గంటన్నరకొక ప్రదక్షిణము చొప్పున తిరుగుచుండును. కావున అచట దినమునకు పదునారు సూర్యోదయములు! త్రికాలసంధ్య వార్చువారు అచట నేమిచేయుదురో యని మా మామగారు నవ్విరి. అచట వారు 18 దినములు గడపిరి. శుక్లా క్యారటు హల్వా, పెసరపప్పు హల్వా, మామిడిపండ్ల రసము తీసికొనిపోయి తోడివారికి పంచిపెట్టెను. మన ఆడువారికి మిక్కిలి ప్రీతి కలిగించిన పని వేరొకటి. అతడు పెసలను, మెంతులను అచట మొలకెత్తించెను. మనము రాత్రి నానవేసి గుడ్డలో మూటగట్టు పెసలే అవి. నేలలో విత్తు ఎట్లు పడినను, బరువు లాగు దిక్కును గుర్తెరిగి వేరు క్రిందికే దిగును. క్రిందుమీదులు లేని చోట వేరు ఎటు పోవును? అట్లు మొలచిన వాని సంతతి ఎట్లుండును? ఇది తెలిసికొనుటకై ఆ మొలకలను మిక్కిలి చల్లని పెట్టెలో దాచి భూమికి తెచ్చిరి. పరిశోధనను తలపెట్టినవారు మన ధార్వాడపు శాస్త్రజ్ఞులు.

ఈ దినములలో మా అత్తగారికి ఒకటే ప్రశ్న: "ఎక్కుట యెక్కిరి, దిగుట యెట్లు?" ఆ ప్రశ్నలోనే సారమంతయు నున్నది. పైకి పోవునప్పుడు రాకెట్టు ఎంత వేగమును సంపాదించినదో, క్రిందికి వచ్చునప్పుడు అంత వేగమును పోగొట్టుకొనవలెను. అందుకు చాలినంత ఇంధనమును మోసికొనిపోవుట సాధ్యము కాదు. కావున భూమిని చుట్టియున్న గాలియే పగ్గము. అంత వేగముతో చొచ్చుకొనివచ్చు నౌక ముందర గాలి నొక్కుకొని, 1,600 డిగ్రీలు మించిన వేడి పుట్టును. నౌక అడుగున నుండు కవచము తాను మాడుచు లోనివారిని కాపాడును. పద్మవ్యూహమున ప్రవేశించుట నేర్చి వెలువడుట నేర్వని అభిమన్యుని కథను చిన్ననాటినుండి వినుచున్నవారము గనుక, వెలువడు విద్య యెంత గొప్పదో మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

హర్యానాలోని కర్నాల్ పట్టణమున పుట్టిన కల్పనా చావ్లా 1997లో మొదటిమారు పోయి క్షేమముగ వచ్చినది. 2003 జనవరి 16న కొలంబియా నౌకలో రెండవమారు బయలుదేరినది. లేచిన నిమిషమున్నర లోపల, ఇంధనపు తొట్టికి చుట్టిన నురుగు తొడుగులోని ముక్కయొకటి ఊడి నౌక యెడమ రెక్కకు తగిలినది. మరునాడు చిత్రములలో దానిని చూచిరి. ప్రమాదము లేదని పై యధికారులు తలచిరి. ఫిబ్రవరి 1న తిరిగివచ్చునప్పుడు రెక్కకు పడిన రంధ్రమున నిప్పువంటి గాలి చొరబడినది. పదునారు నిమిషములలో నేల త్రొక్కవలసిన యేడుగురును మరి రాలేదు. మనకది సాయంకాలము. బాలికగానున్న మాకు పాఠము చెప్పుచున్న మా తండ్రిగారు ఆ వార్త విని పుస్తకము మూసి లేచిపోయిరి. నాటినుండి ఏ నౌక లేచినను మా మనస్సు దిగు దినమునకే కాచుకొనియుండును.

జూలై 14న సాయంకాలము వీరి నౌక కేంద్రమును విడిచినది. మరునాడు మంగళవారము భోజనములైన వెంటనే మరల అందరమును చేరితిమి. దిగుటకు ఒక గంట ముందు నౌక తన చిన్న ఇంజనులను మండించి వేగమును కొంచెము తగ్గించుకొని క్రిందికి మొగ్గినది. పిదప వేడిమిచే నౌక చుట్టు గాలి విద్యున్మయమై మాటల తంతి తెగినట్లు కొన్ని నిమిషములు ఏ సందేశమును రాలేదు. ఉండునదే యని ముందే చదివియున్నను, ఆ నిమిషములు మాకు యుగములైనవి. మా అత్తగారు తులసిమాల పట్టుకొని కన్నులు మూసికొనిరి. మరల స్వరము వినవచ్చినది. మొదట రెండు చిన్న పారాచూటులు, తరువాత నాలుగు పెద్దవియు విచ్చుకొనినవి. అచట నడురాత్రి దాటియుండుటచే, చీకటిలో వేడిని పట్టి చూపు యంత్రమున అవి తెల్లని పువ్వులవలె కనబడినవి. "నాలుగును విచ్చినవా?" యని అత్తగారు వ్రేలితో లెక్కించిరి. మధ్యాహ్నము 3 గంటల 1 నిమిషమునకు నౌక సాన్ డియాగో చెంత పసిఫిక్ సముద్రమున దిగినది. కొంతసేపటికి దానిని ఓడపైకి లాగి ద్వారము తెరచిరి. ముందు విట్సన్, వెనుక శుక్లా. బరువు మరచిన కాళ్లు నిలువకుండుటచే ఇరుప్రక్కల పట్టుకొనిరి. అయినను అతడు నవ్వుచు చేయి యూపెను. నాడు మా యింట చేసిన పెసరపప్పు పాయసమును వీధి వీధంతయు రుచి చూచినది.

ఆ సాయంకాలము మా పెద్దమ్మాయి బడినుండి వచ్చి, "నాయనమ్మా, నేనును పోవచ్చునా?" అని యడిగినది. అత్తగారు చాలసేపు పలుకక, "అంత దూరము పంపి యింట కూర్చుండుట నావలన గాదే తల్లీ" అనిరి. ఆ భయము అజ్ఞానము కాదు. కల్పనా తల్లి కడుపుకోతను ఎరిగినవారెవ్వరును దానిని తీసివేయలేరు. కాని విట్సన్ చరిత్రను కూడ చూడవలెను. అయోవా రాష్ట్రమున రైతుల యింట పుట్టి, జీవరసాయనశాస్త్రము చదివి, 2007లో అంతరిక్ష కేంద్రమునకు నాయకత్వము వహించిన మొదటి స్త్రీ ఆమె. 2008 ఏప్రిల్‌లో తిరిగివచ్చునప్పుడు ఆమె యున్న సోయజ్ నౌక దారితప్పి, దిగవలసిన చోటికి 400 కిలోమీటర్లకు పైగా ఎడముగ నేలను కొట్టుకొనినది. అయినను ఆమె మరల మరల పోయినది. 65వ యేట ఈ యాత్రకు నాయకురాలై నలుగురిని క్షేమముగ తెచ్చినది. భయమెరిగియు పని నేర్చినవారి ధైర్యమిది.

మన దేశపు గగనయానమునకై 2024లో ప్రకటించిన నలుగురును వైమానిక దళమున క్రొత్త విమానములను పరీక్షించు పురుషులే. వారిలో స్త్రీ యొక్కతెయు లేదు. ఆ విద్య మన బాలికలకు అందిననాడు గాని ఆ జాబితాలో వారి పేరుండదు. ఆంధ్రదేశమున పుట్టిన బండ్ల శిరీష 2021 జూలై 11న అంతరిక్షపు అంచును తాకి వచ్చినది. ఆమెయు ఇంజనీరు విద్య నేర్చినదే. కావున సోదరీమణులారా! గణితమును, ప్రకృతిశాస్త్రమును ఆడపిల్లలకు అక్కరలేదని మాన్పింపకుడు. దానితోపాటు, చిన్న చెమ్మను చూచినప్పుడు తొందరపడక ఆగి సరిచేసికొను ఓపికను నేర్పుడు. మానవులతో మన నౌక శ్రీహరికోట నుండి లేచునాడు తప్పక చూతము. అది సముద్రమున దిగునాడును పనులన్నియు మాని, లోనివారు వెలికి వచ్చుదాక కూర్చుండి చూతము.