బొగ్గు బరువు దించితే...

మా నాన్నగారు చంద్రపూర్ దగ్గర ఒక బొగ్గు గనిలో సర్దారు. చేతిలో ఎప్పుడూ సేఫ్టీ దీపం. మంట మీద నీలి టోపీలా కనిపిస్తే మీథేన్ ఉన్నట్టే. గాలిలో అది 5 నుంచి 15 శాతం దాకా ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు.

"నిన్న లేని గ్యాసు ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చింది నాన్నా?" అని అడిగానొకసారి.

"బొగ్గులోనే ఉందిరా. బరువు దించాం, వదిలింది" అన్నారు.

కాలేజీలో జియాలజీ చదివాక గానీ ఆ మాట నాకు అర్థం కాలేదు. మీథేన్ బొగ్గును అంటిపెట్టుకుని ఉంటుంది. పైరాళ్ళ బరువుకు సన్నని పగుళ్ళు బిగుసుకుపోయి దాన్ని కదలనివ్వవు. తవ్వేకొద్దీ చుట్టుపక్కల ఒత్తిడి సడలి అవి తెరుచుకుంటాయి. పగులు వెడల్పు రెట్టింపైతే, తోసే పీడనం అంతే ఉన్నా, ప్రవాహం సుమారు ఎనిమిది రెట్లవుతుంది! (రాణీగంజ్‌లో 2007 నుంచి ఇదే గ్యాసును బోర్లు వేసి ఇంధనంగా అమ్ముతున్నారు.)

ఒక రాత్రి దీపం చూసి నాన్నగారు మనుషులందర్నీ వెనక్కి పిలిచేశారట. ఉత్పత్తి పోయిందని పైఅధికారి చీవాట్లు పెట్టాడు. ఇంట్లో ఆ ఊసే ఎత్తలేదు. చారన్నం తిని పడుకున్నారు. మర్నాడు ఆయన కింద పనిచేసే ఒకతని భార్య గిన్నెడు పెరుగు తెచ్చి అమ్మ చేతిలో పెట్టేదాకా మాకెవరికీ తెలియదు.