పాతిపెట్టిన సొమ్ము, మరచిన మాటలు: క్రిప్టో ధనం తిరిగి పొందడంలో ధర్మశాస్త్ర సమస్యలు

హనఫీ ధర్మశాస్త్ర గ్రంథాలలో జకాత్ ప్రకరణం చదివేవారికి ‘మాలె జిమార్’ అనే మాట తప్పక ఎదురవుతుంది. యాజమాన్యం పోకపోయినా, చేతికి అందుతుందన్న ఆశ లేని సొమ్ముకు ఆ పేరు. సముద్రంలో పడిపోయిన సరుకు, బాకీ లేదని బుకాయించేవాని దగ్గర సాక్ష్యం లేకుండా చిక్కుకున్న అప్పు, నిర్జన ప్రదేశంలో పాతిపెట్టి చోటు మరచిన ధనం దీనికి ఉదాహరణలు. ఇటువంటి సొమ్ము ఎన్నేళ్ళకో దొరికితే గడచిన సంవత్సరాలకు జకాత్ లేదని హనఫీ ధర్మవేత్తల నిర్ణయం. అయితే బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మ) తమ ‘హిదాయా’లో ఒక సూక్ష్మమైన తేడా చూపారు. సొమ్మును ఇంట్లోనే పాతిపెట్టి చోటు మరచిపోతే అది జిమార్ కాదు; దానిని చేరుకోవడం సులభం గనుక జకాత్ ఉంటుంది. పొలంలోనో ద్రాక్షతోటలోనో పాతిపెట్టినదాని విషయంలో మాత్రం పెద్దల మధ్య అభిప్రాయభేదం ఉంది.

లంకెబిందెల కథలు వింటూ పెరిగిన తెలుగు పాఠకులకు ఈ ఉదాహరణలు కొత్త కావు. కాని ఎనిమిది శతాబ్దాల నాటి ఈ తేడా నేడు బిట్‌కాయిన్ వంటి క్రిప్టో ధనానికి ఎంత అతికినట్లు సరిపోతుందో తెలియాలంటే, ఆ ధనం ఎక్కడ ఉంటుందో, పోతే ఎలా తిరిగి వస్తుందో ముందు తెలియాలి.

2008లో సతోషీ నకమోతో అనే మారుపేరుతో వెలువడిన ఒక పత్రం బిట్‌కాయిన్‌కు పునాది. 2009 జనవరిలో ఆ వ్యవస్థ నడక మొదలుపెట్టింది. ‘వాలెట్’ అనే మాట విని నాణేలు ఫోనులోనో చిన్న పరికరంలోనో ఉంటాయని చాలామంది భావిస్తారు. నిజానికి వాలెట్‌లో నాణెం ఒక్కటీ ఉండదు. ఏ చిరునామాకు ఎంత చెందుతుందో తెలిపే ఖాతా పుస్తకం ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఒకేలా నిలిచి ఉంటుంది. ఆ చిరునామా నుండి సొమ్మును కదిలించడానికి కావలసినది ‘ప్రైవేట్ కీ’ అనే ఒక పెద్ద రహస్య సంఖ్య. వాలెట్ దాచేది ఆ సంఖ్యను మాత్రమే. అది తాళపుచెవి వంటిది. అయితే ఈ తాళానికి బద్దలుకొట్టే మార్గం లేదు, మారు తాళపుచెవి ఇచ్చే కార్యాలయమూ లేదు.

అంత పెద్ద సంఖ్యను మనిషి తప్పు లేకుండా రాసుకోవడం కష్టం. అందుకని 2013లో ఒక పద్ధతి ప్రతిపాదించారు. 2048 సామాన్య పదాల జాబితా నుండి 12 గాని, 24 గాని పదాలను వాలెట్ యాదృచ్ఛికంగా ఎంచి యజమానికి చూపుతుంది. వీటినే సీడ్ పదాలు అంటారు. సీడ్ అంటే విత్తనం, పేరు తగినదే. ఆ పదాల నుండి ఒక మూల సంఖ్య, మూల సంఖ్య నుండి లెక్కలేనన్ని ప్రైవేట్ కీలు ఒక నిర్ణీత గణితక్రమంలో పుట్టుకొస్తాయి. చెట్టు కాలిపోయినా విత్తనం ఉంటే అదే చెట్టు, అవే కొమ్మలతో మళ్ళీ మొలుస్తుంది. ఫోను నీళ్ళలో పడినా, వాలెట్ తయారుచేసిన సంస్థ మూతపడినా, ఆ పదాలను వరుస తప్పకుండా అదే పద్ధతిని పాటించే మరొక వాలెట్‌లో ఎక్కిస్తే సొమ్ము కనబడుతుంది.

కనబడకపోతే? ఇక్కడే చాలామంది తొందరపడి ఆశ వదులుకుంటున్నారు. పదాలన్నీ సరిగా ఉన్నా కొత్త వాలెట్ సున్నా చూపడానికి ముఖ్యంగా రెండు కారణాలు ఉంటాయి. మొదటిది, విత్తనం నుండి కొమ్మలు లెక్కించే దారి. పాత వాలెట్ ఒక దారిలో చిరునామాలు పుట్టించి ఉంటే, కొత్తది మరొక దారిలో వెతుకుతూ ఉండవచ్చు. దారి మార్చి చూస్తే సొమ్ము బయటపడుతుంది. రెండవది, సీడ్ పదాలకు యజమాని అదనంగా చేర్చుకున్న సొంత రహస్యపదం. ఇది తప్పుగా ఇస్తే వాలెట్ ‘తప్పు’ అని చెప్పదు. వేరొక ఖాళీ వాలెట్‌ను తెరచి ఊరుకుంటుంది. మరణించిన తండ్రి కాగితం మీద 24 పదాలు దొరికి, వాలెట్ ఖాళీగా కనిపిస్తే, అందులో ఏమీ లేదని వారసులు నిర్ణయించుకోరాదు.

సీడ్ పదాల పద్ధతి రాకముందు బిట్‌కాయిన్ కొన్నవారి దగ్గర విడి ప్రైవేట్ కీలో, పాత వాలెట్ ఫైలో ఉంటుంది. విడి కీ సాధారణంగా 5, కె, ఎల్ అక్షరాలలో ఒకదానితో మొదలయ్యే పొడవైన అక్షరాల వరుస. ఒక కీ తన చిరునామాను మాత్రమే తెరుస్తుంది. అసలు వాలెట్ కార్యక్రమం 2016కు ముందు కీలను ఒక్కొక్కటిగా, వంద చొప్పున ముందే తయారుచేసి పెట్టుకునేది. పైగా సొమ్ములో కొంత ఖర్చుచేస్తే మిగిలిన చిల్లర పాత చిరునామాకు కాక కొత్త చిరునామాకు చేరేది. కాబట్టి చాలా పాత నకలు ఒక్కటే దొరికితే అందులో తర్వాతి కీలు లేకపోవచ్చు. దొరికిన కీతో వచ్చిన సొమ్మును వెంటనే కొత్త సీడ్ గల వాలెట్‌కు మార్చుకోవడం క్షేమకరం.

ఇక కొంత మరచినవారి సంగతి. ఇక్కడ లెక్క చూడవలసిందే, ఎందుకంటే ధర్మనిర్ణయం ఈ లెక్క మీదనే ఆధారపడుతుంది. 12 పదాలలో ఒక పదం చెరిగిపోయి, దాని స్థానం తెలిసి ఉంటే, 2048 పదాలను వరుసగా పెట్టి చూడవచ్చు. చివరి పదంలో ఇమిడి ఉన్న తనిఖీ భాగం వల్ల పదహారింట ఒకటి మాత్రమే చెల్లుతుంది. అంటే సుమారు 128 ప్రయత్నాలు, అంతే. రెండు పదాలు పోతే దాదాపు 2 లక్షల 62 వేలు. పన్నెండు పదాలూ ఉండి వరుస మాత్రం పోతే అమరికలు 47 కోట్ల 90 లక్షలు. తనిఖీలో నిలిచేవి సుమారు 3 కోట్లు. ఇదంతా సామాన్య కంప్యూటరుకు సాధ్యమైన పనే. కాని పదాలన్నీ పోతే ప్రయత్నించవలసిన సంఖ్యకు 39 అంకెలు. భూమి మీది కంప్యూటర్లన్నీ కలిసినా ఆ దారిన పోయి ప్రయోజనం లేదు.

కనుక ఒకటి రెండు పదాలు మరచినవాడు ఇంట్లో పాతిపెట్టి చోటు మరచినవాని వంటివాడు. శ్రమపడి తవ్వితే దొరుకుతుంది. తవ్వకపోవడం అతని బద్ధకం. జకాత్ తప్పదు. పదాలన్నీ పోయి, నకలు ఎక్కడా లేనివాడు ఎడారిలో పాతిపెట్టినవాడు. ఖాతా పుస్తకంలో అతని సొమ్ము లోకానికంతటికీ కనిపిస్తూనే ఉంటుంది. చేతికి మాత్రం రాదు. చూపుకు అందడం చేతికి అందడం కాదు గదా! మరి పొలంలో పాతిపెట్టినవాడు ఎవరు? అమెరికాలో ఒక ప్రోగ్రామరుకు 2011లో లభించిన 7,002 బిట్‌కాయిన్ల కీలు ఒక రక్షిత పరికరంలో ఉండిపోయాయి. దాని పాస్‌వర్డు రాసుకున్న కాగితం పోయింది. పది తప్పు ప్రయత్నాల తర్వాత ఆ పరికరం తనను తానే మూసివేసుకుంటుంది. 2021 జనవరిలో ఈ వార్త లోకానికి తెలిసేనాటికి ఎనిమిది అయిపోయాయి. ఇటువంటి సొమ్మును అందేదనీ అనలేము, అందనిదనీ అనలేము. మర్గీనానీ (రహ్మ) అభిప్రాయభేదం చెప్పి వదిలిన చోటు సరిగ్గా ఇదే.

ఇతర ఇమాముల మార్గాలు వేరు. ఇమామ్ షాఫియీ (రహ్మ) తర్వాతి నిర్ణయం ప్రకారం సొమ్ము దొరికితే గడచిన ఏళ్ళన్నిటికీ జకాత్ ఉంది. ఇమామ్ మాలిక్ (రహ్మ) ‘మువత్తా’లో ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) జాబులు నమోదు చేశారు. ఒక అధికారి అన్యాయంగా తీసుకున్న సొమ్మును యజమానికి తిరిగి ఇప్పించి, గడచిన సంవత్సరాల జకాత్ వసూలు చేయమని ఆయన మొదట రాశారు. ఆ వెంటనే మరో జాబు రాసి, అది జిమార్ సొమ్ము గనుక ఒక్కసారి జకాత్ మాత్రమే తీసుకోమన్నారు. పాలకుడు తన ఉత్తరువును తానే సవరించుకున్న ఈ ఘట్టం, అందని సొమ్ము విషయం ఎంత జాగ్రత్తగా తూచవలసినదో తెలుపుతుంది.

కీ తమ చేతిలో లేకుండా, నాణేలను అమ్మకపు సంస్థ దగ్గరే ఉంచినవారికి ఉన్నది ఆ సంస్థపై హక్కు మాత్రమే. కెనడాకు చెందిన క్వాడ్రిగా సంస్థ అధిపతి జెరాల్డ్ కాటన్ 2018 డిసెంబరులో మన జైపూర్‌లో మరణించినప్పుడు, కీలు ఆయనకొక్కరికే తెలుసని, అందుకే ఖాతాదారుల సొమ్ము చిక్కుకుపోయిందని చెప్పారు. 2020లో ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ విచారణ నివేదిక మరొకటి చెప్పింది: పోయిన సొమ్ములో అధికభాగం ఆయన మోసం వల్లనే పోయింది. తాళపుచెవి పోయిందని అందరూ అనుకున్న పెట్టె చాలావరకు ఖాళీదే.

క్రిప్టో ధనం అసలు ధర్మసమ్మతమైన ఆస్తేనా అనే ప్రశ్న వేరే ఉంది. ఈజిప్టు దారుల్ ఇఫ్తా దానిని నిషిద్ధమన్నది. మలేషియా సెక్యూరిటీస్ కమిషన్ షరీఅత్ సలహామండలి 2020లో షరతులతో అనుమతించింది. ఇండోనేషియా ఉలమా మండలి 2021లో కరెన్సీగా వాడడాన్ని హరామ్ అన్నది. ఈ వివాదం తేలేవరకు వారసత్వపు ప్రశ్న ఆగదు. ఒక మనిషి చనిపోతే అతని సొమ్ము ఎక్కడెక్కడ ఉందో తెలియనిదే అంత్యక్రియల ఖర్చు, అప్పులు, మూడవ వంతుకు మించని వసీయత్, వారసుల భాగాలు అన్న క్రమం మొదలే కాదు.

వసీయత్ చేయవలసిన ఆస్తి ఉన్న ముస్లిం, దానిని రాసిపెట్టకుండా రెండు రాత్రులు గడపడం తగదని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించారు. బ్యాంకులో సొమ్ము ఉంటే వారసత్వ ధ్రువపత్రం తెచ్చి తీసుకోవచ్చు. ఈ ఖాతా పుస్తకానికి న్యాయస్థానం తెలియదు, ఖాజీ తెలియడు. కీ ఒక్కటే తెలుసు. అలాగని పన్నెండు పదాలనూ వసీయత్‌నామాలో రాసిపెట్టడం పెద్ద పొరపాటు. సాక్షులు చదువుతారు, నకళ్ళు తీస్తారు. చదివిన ప్రతివాని చేతికీ సొమ్ము అందినట్లే. వసీయత్‌లో ఆస్తి ఉన్నదనీ, ఏ వాలెట్ వాడారనీ, అదనపు రహస్యపదం ఉన్నదా లేదా అన్నదీ, పదాల కాగితం ఎవరి దగ్గర ఏ ముద్రతో ఉన్నదీ రాయాలి. కాగితం వేరుగా ఉండాలి. కొందరు 12 పదాలను ఆరేసి చొప్పున ఇద్దరికి పంచుతారు. ఇది రక్షణ కాదు. సగం తెలిసినవానికి మిగతా సగం వెతకడం ఎన్నో రెట్లు తేలికవుతుంది. పైగా ఇద్దరిలో ఒకరు పోగొట్టినా అంతా పోతుంది. దీనికంటే, ముగ్గురిలో ఏ ఇద్దరు కలిసినా తెరుచుకునే విధంగా పంచే పద్ధతి మేలు. రహస్యాన్ని అలా పంచే గణితాన్ని ఆది షమీర్ 1979లోనే చూపారు.

కాగితం పుచ్చుకున్నవాడు అమానత్‌దారు. అతని నిర్లక్ష్యం లేకుండా అది కాలిపోతే నష్టపరిహారం లేదు. ముద్ర విప్పి చదివితే మాత్రం అతిక్రమించినట్లే. అలాగే దారిలో దొరికిన కాగితంపై పన్నెండు పదాలు చూసి సొమ్ము తీసుకున్నవాడు దొరికిన వస్తువును తీసుకున్నట్లు కాదు. అతనికి దొరికినది కాగితమే, సొమ్ము ఇంకా యజమానిదే. పోయిన సొమ్ము తెప్పిస్తామని పదాలు అడిగే అపరిచితుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. నిజంగా పని తెలిసినవారికి ప్రతిఫలం ఇవ్వవలసివస్తే, తిరిగి వచ్చినదానిలో ఇంత భాగం అనడం కంటే నిర్ణీత మొత్తం మాట్లాడుకోవడం హనఫీ మార్గంలో వివాదరహితం.

అసలు ప్రమాదం పరాయివారి నుండి కంటె ఇంట్లోనే ఎక్కువ. చాలా కుటుంబాలలో ఫోను సంగతులు తెలిసినవాడు ఒక కొడుకే. తండ్రి పదాలు అతనికే చెప్పి పోతాడు. తల్లికీ, అత్తవారిళ్ళలో ఉన్న అక్కచెల్లెళ్ళకూ అటువంటి ఆస్తి ఉన్నదనే తెలియదు. పొలమైతే కాగితాలు ఉంటాయి, పదిమందికీ తెలుస్తుంది. దీనికి అదీ లేదు. పదాలు తెలియడం వల్ల కొడుకు చేతికి వచ్చింది స్వాధీనం మాత్రమే, యాజమాన్యం కాదు. ఖుర్ఆన్ ‘నిసా’ సూరాలో నిర్ణయించిన భాగాలు తండ్రి కన్నుమూసిన క్షణం నుండే వారివి.

పంపకం కూడా కష్టం కాదు. ఒక బిట్‌కాయిన్ పది కోట్ల భాగాలుగా విడుతుంది గనుక అమ్మనవసరం లేకుండానే పంచవచ్చు. మన దేశంలో 2022 నుండి అమ్మకపు లాభంపై 30 శాతం పన్ను ఉన్నందువల్ల ఇదే లాభం కూడా. మొదట పాత పదాలు ఎవరెవరు చూశారో తెలియదు గనుక మొత్తాన్ని అందరి ఎదుటా కొత్త వాలెట్‌కు మార్చాలి. అప్పులు, వసీయత్ తీర్చాలి. ఆ తర్వాత 0.32 బిట్‌కాయిన్ మిగిలి, భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు మాత్రమే వారసులుగా ఉంటే, భార్యకు ఎనిమిదవ వంతుగా 0.04, కొడుకుకు 0.14, ఒక్కొక్క కూతురికి 0.07 చొప్పున వారివారి సొంత వాలెట్లకు పంపాలి.