చలి దాచిన సిరి

సముద్రంలోకి దిగేసిన కర్రల మీద నిలబడ్డ ఎర్రటి చెక్క ఇల్లు. లోపల వెచ్చటి నేల, ఉన్ని దుప్పట్లు, గోడంత కిటికీ. కిటికీ అవతల అద్దంలాంటి నీళ్లు, ఆ నీళ్లలో తలకిందులుగా మంచుకొండలు. నార్వే ఉత్తరాన లోఫోటెన్ దీవుల్లో ఇలాంటి ఇంట్లో రెండు రాత్రులు గడపడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పెద్ద హోటల్ గదికిచ్చేంత అద్దె ఇచ్చి మరీ ఉంటారు.

ఒకప్పుడు ఇలాంటి ఇళ్లలోనే పడవెడు జాలర్లు తడిబట్టలతో ఒకరినొకరు ఆనుకుని పడుకునేవారు. మూలన వలలు, దూలాలకు ఆరేసిన తోలు కోట్లు, ఎంత కడిగినా వదలని చేప వాసన. శీతకాలపు వేట ముగించుకుని ప్రాణాలతో ఇంటికి చేరితే చాలని మొక్కుకునేవారు.

ఫియోర్డ్‌ల దేశంలో విలాసయాత్ర తీరే ఇంత. చలికీ ఆకలికీ ఒంటరితనానికీ ఎదురొడ్డి, బతకడం కోసం పేదవాళ్లు చేసుకున్న ఏర్పాట్లే అక్కడ ఇవాళ అన్నిటికన్నా ఖరీదైన అనుభవాలు. ఆ సంగతి తెలిసి వెళ్లినవాళ్ల కళ్లకు ఆ నేల మరోలా కనిపిస్తుంది.

మంచు తవ్విన లోయలు

యాత్ర చాలామందికి బెర్గెన్‌లో మొదలవుతుంది. రేవు ఒడ్డున భుజం భుజం కలిపి నిలబడ్డ బ్రిగ్గెన్ చెక్క భవనాలు 1979 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద. 1702లో కాలి బూడిదైతే పాత పునాదుల మీదే, పాత పద్ధతిలోనే మళ్లీ కట్టుకున్నారు. జర్మన్ వర్తకులు వందల ఏళ్లు ఇక్కడ కొట్లు పెట్టి, ఉత్తరాది ఎండుచేపలు కొని ధాన్యం అమ్మారు. ఈ ఊరి సిరికి మూలం ఆ ఎండుచేపే. దాని పుట్టిల్లు లోఫోటెన్‌కు తర్వాత వెళ్దాం.

బెర్గెన్‌కు ఉత్తరాన సోగ్నెఫియోర్డ్ ఉంది. కొండల మధ్య 200 కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రం అది. లోతు కొన్నిచోట్ల 1,300 మీటర్లు. హిమయుగాల్లో ఈ నేలను కప్పిన మంచు పలకలు సముద్రం వైపు జారుతూ, అడుగున ఇరుక్కున్న రాళ్లతో కొండలను చిత్రిక పట్టినట్టు చెక్కుకుంటూ పోయాయి. మంచు కరిగి వెనక్కి తగ్గాక ఆ లోయల్లోకి ఉప్పునీరు వచ్చి నిండింది. అందుకే ఒడ్డున గొర్రెలు మేస్తుంటాయి, అక్కడికి నాలుగడుగుల్లో సముద్రం అగాధంలా ఉంటుంది.

దీని కొమ్మల్లో ఒకటైన నేరోయ్‌ఫియోర్డ్ ఓ చోట 250 మీటర్ల వెడల్పుకు సన్నబడుతుంది. రెండు వైపులా నిట్టనిలువు రాతిగోడలు, వాటి మీంచి తెల్లటి దారాల్లా జలపాతాలు. 2005లో దీన్నీ గెయిరాంగర్‌ఫియోర్డ్‌నూ యునెస్కో తన జాబితాలో చేర్చింది. 2018 నుంచి ఇక్కడ బ్యాటరీతో నడిచే పడవ తిరుగుతోంది. ఇంజిన్ రొద లేకపోవడంతో ఎక్కడో పైన మేక మెడలో గంట మోగినా వినబడుతుంది. 2026 జనవరి 1 నుంచి ఈ వారసత్వ ఫియోర్డ్‌ల్లోకి 10,000 టన్నుల లోపు ప్రయాణికుల ఓడలేవీ పొగ వదులుతూ రాకూడదన్నది నార్వే నిబంధన. పెద్ద ఓడలకు 2032 వరకు గడువిచ్చారు. గొప్ప అందాన్ని అమ్ముకునే దేశం ఆ అందానికి కాపలా కూడా కాయాలి. ఈ విషయంలో నార్వే దారి చూపిస్తోంది.

ఫియోర్డ్ అంచున ఉన్న ఫ్లోమ్ ఊరి నుంచి కొండమీది మిర్డాల్‌కు రైలుంది. 20 కిలోమీటర్ల దారిలో 860 మీటర్లకు పైగా ఎక్కుతుంది. యోస్‌ఫాసెన్ జలపాతం దగ్గర రైలు ఆగినప్పుడు దిగితే తుంపర్లు ముఖం తడిపేస్తాయి. తలుపు దగ్గర నిలబడి ఒక్కసారి సొరంగం గోడను చూడండి. దారిలో 20 సొరంగాలుంటే 18 చేత్తో తవ్వినవే. ఒక్క మీటరు ముందుకు సాగడానికి నెల రోజుల చాకిరీ పట్టేదట. పని 1920ల్లో మొదలైతే మొదటి రైలు 1940లో నడిచింది.

రాజుగారు ఎక్కిన కొండ

గెయిరాంగర్‌ఫియోర్డ్ పొడవు 15 కిలోమీటర్లే. ఆ కాస్త మేరలోనే 'ఏడుగురు అక్కచెల్లెళ్లు' జలపాతం, ఎదురు గట్టున వాళ్లను పెళ్లాడమని అడుగుతున్నట్టు దూకే 'పెళ్లికొడుకు' జలపాతం... పడవలో ఉన్నవాళ్లంతా కెమెరాలు అటే తిప్పుతారు. ఆ సమయంలో కాస్త తలెత్తి చూస్తే, నీటికి 250 మీటర్ల ఎత్తున రాతి అంచు మీద నాలుగైదు కొయ్య ఇళ్లు కనిపిస్తాయి. అది స్కాగెఫ్లో.

అక్కడ మనుషులు కాపురాలు చేశారు. చారెడు నేలలో గడ్డి పెంచి మేకల్ని మేపారు. ఉప్పు కావాలన్నా, వైద్యుడు కావాలన్నా, చర్చికి వెళ్లాలన్నా ఆ నిట్టనిలువు కొండ దిగి పడవెక్కాలి. ఈ అంచుల మీది ఇళ్లలో పిల్లలు ఆడుకుంటూ లోయలోకి జారిపోకుండా నడుముకు తాడు కట్టేవారు. పన్నులవాళ్లు వస్తే నిచ్చెన పైకి లాగేసుకునేవారని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. 1916లో ఆఖరి కుటుంబం కొండ దిగిపోయింది.

1993లో నార్వే రాజు హరాల్డ్, రాణి సోన్యా తమ పెళ్లి రజతోత్సవ విందుకు ఎంచుకున్న చోటు ఇదే. రాజభవనం ఉన్నవాళ్లు మేకల కాపరుల ఇంటి వాకిటికి వెళ్లారు. ఈ దేశం దేన్ని సంపదగా లెక్కిస్తుందో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

ఈ అందం వెనక భయమూ ఉంది. 1934లో పక్కనున్న తాఫియోర్డ్‌లో కొండచరియ విరిగిపడి లేచిన అలకు 40 మంది బలయ్యారు. గెయిరాంగర్‌కు దగ్గర్లోని ఓకర్‌నెసెట్ కొండకు పడిన పగులును ఇప్పుడు పరికరాలతో రాత్రింబవళ్లు కనిపెట్టి చూస్తున్నారు. ఒడ్డున హాయిగా కాఫీ తాగుతున్న మన కోసం కూడా ఎవరో ఆ పరికరాల తెర ముందు మేలుకుని కూర్చున్నారు.

ఆ రాత్రి బసకు యూనియన్ ఓయె హోటల్ లాంటిది దొరికితే అదృష్టమే. 1891లో కట్టిన చెక్క హోటల్. జర్మన్ చక్రవర్తి రెండో విల్హెల్మ్ బస చేసిన చోటు.

ఉత్తరాలు మోసిన ఓడ

బెర్గెన్ నుంచి రష్యా సరిహద్దు దగ్గరి కిర్కెనెస్ దాకా తీరం వెంబడి 34 రేవుల్లో ఆగుతూ వెళ్లే ఓడ ఉత్తరయాత్రకు పట్టుగొమ్మ. వెళ్లి రావడానికి 12 రోజులు. అద్దాల గదిలో కూర్చుని, ఆ పూట రేవులో ఎక్కించిన తాజా చేపతో భోజనం చేస్తూ, దీవులు పక్కకు తప్పుకోవడం చూస్తుండటమే పని.

ఈ ఓడ పుట్టింది ఉత్తరాల కోసం. 19వ శతాబ్దంలో ట్రాన్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్‌కు ఉత్తరం చేరడానికి వేసవిలో మూడు వారాలు, చలికాలంలో ఐదు నెలలు పట్టేది. దీపస్తంభాలు అంతంతమాత్రంగా ఉన్న రాళ్ల తీరంలో చీకటి వేళ ఓడ నడపడం కుదరదన్నారు అంతా. కెప్టెన్ రిచర్డ్ విత్ నడుపుతానన్నాడు. 1893 జులై 2న ఆయన ఓడ 'వెస్టెరోలెన్' ట్రాన్‌హైమ్ నుంచి బయల్దేరింది. ఇవాళ్టికీ అదే దారిలో ఓడలు సరకులు దింపుతాయి, పక్క ఊరి బడికి, ఆసుపత్రికి వెళ్లేవాళ్లను ఎక్కించుకుంటాయి. ఖరీదైన టికెట్ కొన్న యాత్రికుడి పక్కనే ఓ ముసలావిడ కూరగాయల సంచితో రెండు రేవుల దూరానికి కూర్చుని ఉంటుంది.

ఆర్కిటిక్ వలయం దాటినప్పుడు ఓడ మీద ఓ వేడుక. ఇష్టపడి ముందుకొచ్చినవాళ్ల మెడ వెనక గరిటెడు మంచునీళ్లు పోస్తారు. వీపు మీంచి ఆ చలి జారుతుంటే ఉత్తరం మొదలైందని ఒంటికే తెలుస్తుంది.

గాలికి ఎండే బంగారం

లోఫోటెన్‌లో దిగగానే ముందు పలకరించేది వాసన. ఫిబ్రవరి నుంచి మే దాకా ఊరూరా కొయ్య పందిళ్లు, వాటి మీద తోకలు జతగా కట్టి వేలాడదీసిన వేలకు వేల కాడ్ చేపలు. ఏటా జనవరిలో ఈ చేపలు బారెంట్స్ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఇక్కడికి ఈదుకుంటూ వస్తాయి. వాటి వెనకే జాలర్లు.

ఉప్పు వేయరు, పొగ పెట్టరు. ఎండబెట్టే పనంతా గాలిదే. వేడి సముద్ర ప్రవాహం దయవల్ల ఇక్కడ చలికాలం సున్నా డిగ్రీలకు అటూ ఇటూ ఊగుతుంది. మరీ గడ్డకడితే చేప చెడుతుంది, వెచ్చబడితే ఈగ వాలుతుంది. రెండూ లేని ఆ సన్నటి అంచు మీద చేప నెలల తరబడి ఆరి, బరువులో మూడొంతులకు పైగా కోల్పోయి కట్టెలా తయారవుతుంది. రెండు చేపల్ని ఒకదానికొకటి తట్టి చూస్తే టక్కుమని చెక్క శబ్దం. అలా ఎండింది ఏళ్లపాటు నిల్వ ఉంటుంది. 1432లో ఓడ పగిలి రోస్ట్ దీవి దగ్గర ఒడ్డుకు చేరిన వెనిస్ వర్తకుడు పియెట్రో క్వెరీని దీని రుచి ఇటలీకి మోసుకెళ్లాడు. మంచి రకానికి ఇప్పటికీ ఇటలీయే పెద్ద గిరాకీ, తలలు నైజీరియా వంటిళ్లకు చేరతాయి.

మొదట్లో చెప్పిన ఎర్రిళ్లను 'రోర్బు' అంటారు. పడవల కింద తలదాచుకునే జాలర్ల కోసం 1120 ప్రాంతంలో ఓయ్‌స్టెయిన్ రాజు మొదటగా కట్టించాడంటారు. ఎరుపు చవకైన రంగు కాబట్టి వాటికి ఆ రంగే దక్కింది. నేటి యాత్రికుడు ముచ్చటపడి ఫొటో తీసుకునే ఆ ఎరుపులో ఉన్నది డబ్బుల్లేనితనం.

ఆరు కాదు, ఎనిమిది రుతువులు

ట్రోమ్‌సోలో నవంబరు చివరి నుంచి జనవరి సగం దాకా సూర్యుడు పైకి రాడు. మే మూడో వారం నుంచి జులై మూడో వారం దాకా అస్తమించడు. చీకటి రాత్రుల్లో ఉత్తర కాంతుల కోసం అద్దాల కప్పున్న గదుల్లో పడుకుంటారు. ముందు మబ్బేమోనన్న అనుమానం, తర్వాత సన్నటి ఆకుపచ్చ గీత, చూస్తుండగానే ఆకాశమంతా గాలికి ఊగే చీర కుచ్చిళ్లు. సూర్యుడి నుంచి వచ్చే విద్యుత్ కణాలను భూమి అయస్కాంత క్షేత్రం ధ్రువాల వైపు మళ్లిస్తుంది. 100 కిలోమీటర్లకు పైన ఆక్సిజన్‌ను తాకితే ఆకుపచ్చ, ఇంకా పైన ఎరుపు, నైట్రోజన్‌ను తాకితే నీలం, ఊదా. ఈ గుట్టును వెతుకుతూ కొండమీది మంచుగాలుల్లో చలికాలం గడిపిన శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ బొమ్మను నార్వే తన పాత 200 క్రోన్ల నోటు మీద ముద్రించింది.

ఇంకా ఉత్తరాన ఫిన్‌మార్క్. ఇది సామీ ఆదివాసుల నేల. వాళ్లకు ఏడాదిలో ఎనిమిది రుతువులు. రెయిన్‌డీర్ మందల రాకపోకలే వాటికి కొలత. గుడారంలో నిప్పు చుట్టూ కూర్చుని, ఘుమఘుమలాడే మాంసం పులుసు తాగుతూ, 'యోయిక్' పాట వినడం నేటి యాత్రల్లో ఓ ముఖ్య ఘట్టం. 'మీకు ఎన్ని రెయిన్‌డీర్లున్నాయి' అని మాత్రం అడగకండి. బ్యాంకులో ఎంతుందని అడిగినట్టే. ఈ పాటనూ ఈ భాషనూ అణచివేసిన కాలం ఎంతో దూరంలో లేదు. సామీ పార్లమెంటు 1989లో ఏర్పడింది. 1997లో రాజు హరాల్డ్ అక్కడికి వెళ్లి క్షమాపణ చెప్పారు. పాట వింటున్నప్పుడు ఇది గుర్తుండాలి.

ఆల్టాలో ఏటా చలికాలం మంచుతో హోటల్ కట్టి, వసంతంలో నదికి వదిలేస్తారు. నార్త్‌కేప్‌లో 307 మీటర్ల కొండ అంచున నిలబడితే ఎదురుగా సముద్రం తప్ప ఏమీ ఉండదు. 1907లో సయాం రాజు చులాలాంగ్‌కార్న్ అంత దూరం వచ్చి ఆ అంచున నిలబడ్డాడు.

వెళ్లాలనుకుంటే...

ఉత్తర కాంతులకు సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా, నిండు జలపాతాలకు మే, జూన్, అర్ధరాత్రి సూర్యుడికి జూన్, జులై. కాంతులతోపాటు చేపల పందిళ్లూ చూడాలంటే మార్చి. నార్వేకు షెంజెన్ వీసా కావాలి. ఆఖరి మజిలీ అయిన స్వాల్‌బార్డ్ దీవులు ఆ పరిధిలోకి రావు, కాబట్టి అక్కడికి వెళ్లి రావాలంటే ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశం ఉన్న వీసా తీసుకోవాలి. లోపల ఉన్ని, పైన గాలి ఆపే కోటు తప్పనిసరి. పదిచోట్లు హడావిడిగా చుట్టే బదులు మూడుచోట్ల నిదానంగా ఉండండి. ఓ రోజు మబ్బు పట్టినా మర్నాటికి అవకాశం మిగులుతుంది.

అద్దె లేని గది

ఆఖరి మజిలీ స్వాల్‌బార్డ్, 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం. లాంగియర్‌బియెన్ ఊరు దాటాలంటే ధ్రువపు ఎలుగుబంట్లను బెదరగొట్టే సాధనాలు వెంట ఉండాలి. 2025 నుంచి రక్షిత ప్రాంతాలకు వచ్చే ఓడల్లో 200 మందికి మించి ప్రయాణికులు ఉండకూడదు, ఎలుగుబంటికి కనీసం 300 మీటర్ల ఎడం పాటించాలి. ఇక్కడి నీ-ఓలెసుండ్‌లో భారతదేశపు పరిశోధన కేంద్రం 'హిమాద్రి' 2008 నుంచి పనిచేస్తోంది.

లాంగియర్‌బియెన్ బయట కొండలోంచి పొడుచుకొచ్చిన కాంక్రీటు తలుపు ఒకటుంది. ఎంత డబ్బిచ్చినా యాత్రికులను లోపలికి రానివ్వరు. అది 2008లో తెరిచిన ప్రపంచ విత్తన ఖజానా. దేశదేశాల పంటల విత్తనాలను కొండ గర్భంలో మైనస్ 18 డిగ్రీల దగ్గర భద్రపరుస్తారు. కరెంటు పోయినా చుట్టూ ఉన్న గడ్డకట్టిన నేల వాటిని కాపాడుతుంది. సిరియా యుద్ధంలో అలెప్పో విత్తన నిధి అందకుండా పోయినప్పుడు, 2015లో ఇక్కడ దాచినవే బయటికి తీసి పంటలను నిలబెట్టారు. 2016లో ఎన్నడూ లేనంత వేడికి మంచు కరిగి, నీళ్లు ఈ ఖజానా దారిలోకి వచ్చాయి. విత్తనాలకు ఏమీ కాలేదు, దారిని మళ్లీ పటిష్ఠంగా కట్టారు. చలినే నమ్ముకున్న చోట చలి తగ్గిపోవడం మాత్రం మానని గాయం.

ఆ చీకటి గదుల్లో మన పటాన్‌చెరు కూడా ఉంది. అక్కడి పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పంపిన లక్షకు పైగా విత్తన రకాలు... జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ. ఎర్రటి ఎండకు పండిన గింజలు ధ్రువపు చలిలో నిద్రపోతున్నాయి. ఏ కరవులోనో, ఏ తెగులుకో మన పొలాల్లోంచి ఒక రకం మాయమైపోతే, తిరిగి ఇవ్వడానికి అక్కడ ఒక పిడికెడు ఉంది.

ఈ యాత్ర పొడవునా చలి దాచిపెట్టినవాటికి మనం వెల కట్టాం. ఎర్రింటికి, ఓడ గదికి, మంచు మంచానికి, ఆకాశం వెలిగే రాత్రికి. విత్తనాలు దాచుకోవడానికి మాత్రం అక్కడ ఎవరి దగ్గరా రుసుము తీసుకోరు. మూసిన ఆ తలుపు ముందు నిలబడి గ్లౌజు తీసి, కొండరాతి మీద ఒక్క క్షణం చెయ్యి పెట్టండి. వేళ్లు కొరికేస్తున్న ఆ చలే మన జొన్నగింజను కాస్తోంది.