ముప్ఫై గుడ్ల పెట్ట

*భద్రాచలం అడవంచు గూడేల్లో తిరిగే జాతికోడి గుడ్లు తక్కువ పెడుతుంది, నిదానంగా పెరుగుతుంది. ఖమ్మం చికెన్ సెంటర్లలో వేలాడే బ్రాయిలర్‌కు ముత్తాత వరస కూడా అవుతుంది.*

మన దేశపు అడవికోళ్లలో ఎర్రవి, బూడిదరంగువి అని ప్రధానంగా రెండు రకాలు. ఎర్రది హిమాలయాల దిగువ నుంచి ఒడిశా, బస్తర్ అడవుల మీదుగా గోదావరి దాకా దిగుతుంది. బూడిదరంగుది దక్షిణాది అడవులది. తూర్పు వైపున ఈ రెండింటి రాజ్యాలూ కలిసేది గోదావరి దరిదాపుల్లోనే. అంటే భద్రాచలం మూడు రాష్ట్రాలకే కాదు, అడవికోళ్లకు కూడా పొలిమేరే.

ఇంటికోడి పుట్టింది ఎర్ర అడవికోడి నుంచని డార్విన్ ఎప్పుడో చెప్పాడు. 2020లో వందల కోళ్ల జన్యువులను పోల్చి చూసినవాళ్లు ఆ మచ్చిక నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ ప్రాంతాల్లో జరిగి ఉంటుందని తేల్చారు. కానీ అంతకు ముందే, 2008లో, స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం వాళ్లు ఒక తిరకాసు పెట్టారు. కోడి చర్మానికీ కాళ్లకూ పసుపురంగు తెచ్చే జన్యువు ఎర్ర అడవికోడిది కాదట, మన బూడిదరంగు కోడిదట. ప్రపంచంలో ఎక్కడ పసుపు కాళ్ల కోడి కనబడినా అందులో దక్షిణ భారతపు అడవి పాలు కొంత ఉందన్నమాట.

మన జాతికోడి ఆసిల్ సంగతి దీనికన్నా ఘనం. పొడుగు మెడ, నిటారు నడక, నెత్తి మీద కురచ జుట్టు, దగ్గరగా అతుక్కున్న ఈకలు. కాకి, డేగ, నెమలి, సేతు, పర్ల అంటూ రంగును బట్టి పేర్లు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో దీని స్వస్థలంగా గుర్తించింది ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లు కలిసే ఈ అడవి పట్టునే. సంక్రాంతి పందేల పుణ్యమా అని పుంజుకు ఎక్కడలేని పేరొచ్చింది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉన్నా బరులు ఆగలేదు, ఆ గొడవ ఏటా పేపర్లలో చదువుతూనే ఉన్నాం. నాకు ఆసక్తి పుంజు మీద కాదు, పెట్ట మీద.

అయినా పుంజు ప్రయాణం ఒక్కటి చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో మన ఆసిల్‌ను అక్కడి పందెం కోళ్లతో, మలయ్ కోళ్లతో కలిపారు. వచ్చిన కోడికి మొదట పెట్టిన పేరు ఇండియన్ గేమ్. తర్వాత అది కార్నిష్ అయింది. పోట్లాటకు పనికిరాలేదు గానీ దాని రొమ్ము కండ చూసి మాంసం వ్యాపారుల కళ్లు మెరిశాయి. 1948లో అమెరికాలో జరిగిన ‘రేపటి కోడి’ పోటీలో గెలిచింది కార్నిష్ సంకరమే. ఆ తర్వాత తండ్రి వైపు కార్నిష్, తల్లి వైపు తెల్ల ప్లిమత్ రాక్ అన్నది బ్రాయిలర్ పరిశ్రమకు సూత్రమైపోయింది. నలభై రోజుల్లో రెండు కిలోలు తూగే ఆ కోడి, ఇక్కడి పందెం పుంజు వంశంలోదే.

## తక్కువ గుడ్ల లెక్క

పశుశాస్త్రం పుస్తకంలో జాతిని బేరీజు వేసేది ఉత్పత్తితో. లెగ్‌హార్న్ సంతతి ఫారం కోడి ఏడాదికి మూడు వందల గుడ్లు పెడుతుంది. ఆసిల్ పెట్ట పెట్టేవి ముప్ఫై, ముప్ఫై మూడు. పట్టిక వేస్తే మన పెట్ట అట్టడుగున ఉంటుంది.

మరి ఎందుకంత తక్కువ? ఒక విడతలో పది పన్నెండు గుడ్లు పెట్టాక పెట్ట పొదుగుకొస్తుంది. అప్పుడు దాని ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి అండాశయం పని ఆగిపోతుంది. ఇరవై ఒక్క రోజులు గుడ్ల మీద కూర్చుంటుంది. పిల్లలయ్యాక వాటిని రెక్కల కింద దాచి, గద్దల్ని తరిమి, చెదలు ఎక్కడ తవ్వాలో చూపిస్తూ వారాల తరబడి తిప్పుతుంది. ఇలా ఏడాదిలో మూడు విడతలు. ఫారం కోడిలో ఈ పొదిగే గుణాన్ని తరాల తరబడి ఏరివేశారు. ఏరివేసిన పనిని ఇప్పుడు కరెంటుతో నడిచే ఇంక్యుబేటర్ చేస్తోంది.

కరెంటు పోయే గూడెంలో ఇంక్యుబేటరూ పెట్టే, పిల్లల్ని వెచ్చగా ఉంచే బ్రూడరూ పెట్టే, కాపలా మనిషీ పెట్టే. ఇవన్నీ ఏ పట్టికలోనూ ఎక్కవు. దాణా లెక్కా అంతే. కిలో మాంసానికి ఎన్ని కిలోల దాణా అన్నది బ్రాయిలర్ రైతుకు ప్రాణం, ఎందుకంటే బస్తా కొనాలి. ఆసిల్ ఏడాదికి గానీ పూర్తి బరువుకు రాదు, నిజమే. కానీ తినేది గింజ రాలు, పురుగు, నూకలు, చెదలు. బస్తా ఖర్చు లేనిచోట ఆ నిష్పత్తి పట్టుకుని ఏం చేస్తాం?

ఆవు విషయంలోనూ ఇదే పొరపాటు జరిగింది. కోయ ఆదివాసీల్లో పాతతరం ఆవుపాలు పితికేది కాదు, పాలు దూడకే వదిలేది. వాళ్లకు ఆవు కావలసింది దుక్కిటెద్దు కోసం, పెంట కోసం. అలాంటి ఆవును లీటర్లతో కొలిచి పనికిరానిదనేశారు.

## గంప కిందే హేచరీ

పెరటి కోళ్ల పథకాలంటే వనరాజా, గ్రామప్రియ పిల్లల పంపిణీయే గుర్తొస్తుంది. రెండూ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన మంచి రకాలే. వనరాజా పెరట్లో తిరిగి కూడా ఏడాదికి వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది. పట్నానికి దగ్గరున్న ఊళ్లకు వాటిని నేనూ సిఫారసు చేస్తాను. చిక్కల్లా పొదగకపోవడం దగ్గరే. కోళ్లు ముసలివైతే మళ్లీ హేచరీకి వెళ్లాలి. చర్ల, దుమ్ముగూడెం అడవంచు గూడెం నుంచి హేచరీ ఎంత దూరమో మ్యాపు చూస్తే తెలుస్తుంది.

1990ల చివర్లో తూర్పు గోదావరి ఏజెన్సీలో ఆంత్ర సంస్థ పశువైద్యులు ఆదివాసీ మహిళలతో కలిసి ఆసిల్ మీద పనిచేశారు. వాళ్లు ఆనుకున్నది అక్కడి పాత పద్ధతినే, వాటాకివ్వడాన్ని. పెట్టలున్న ఇల్లు లేని ఇంటికి ఒకటి ఇస్తుంది, పుట్టిన పిల్లల్ని ఇద్దరూ పంచుకుంటారు. అప్పు లేదు, సబ్సిడీ లేదు.

ఈ ఏర్పాటునంతా ఒక్క వేసవిలో ఊడ్చేసేది కొక్కెర తెగులు. కోడి పచ్చగా పారుతుంది, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంది, మెడ మెలితిరుగుతుంది. టీకా లేని ఊళ్లో నాలుగు రోజుల్లో గంపలు ఖాళీ. మన దేశంలో ఇది 1927 ప్రాంతంలో కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో బయటపడింది, అందుకే డాక్టర్లు రాణీఖేత్ జబ్బంటారు. అదే కొండల్లోని ముక్తేశ్వర్ ప్రయోగశాలలో 1940ల్లో టీకా తయారైంది. పిల్లకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా టీకా చుక్క, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్‌టూబీ సూది. ఆస్ట్రేలియావాళ్లు ఫ్రిజ్ లేని పల్లెల కోసం వేడికి తట్టుకునే ఐ-టూ టీకాను తయారుచేస్తే ఆఫ్రికాలో విరివిగా వాడారు. ఏజెన్సీకి కావలసింది అలాంటిదే. కొత్త కోడిపిల్లల మీద పెట్టే డబ్బులో కొంత టీకా మీద పెడితే ఉన్న పెట్టలే ఊరిని నింపుతాయని నా అభిప్రాయం.

టీకా వేయడంలోనూ ఒక లౌక్యం ఉంది. సీసా ఒక్కోటి మామూలుగా వంద డోసులకు తక్కువ ఉండదు, కలిపిన మందు గంట రెండు గంటల్లో వాడెయ్యాలి, అంతసేపూ ఐసు మీదే ఉండాలి. ఒక ఇంట్లో ఉండేవి ఐదారు కోళ్లు. కాబట్టి వేసవి ముదరక ముందే, ఊరంతా ఒకే రోజు అనుకుని, ముందు రాత్రే కోళ్లన్నిటినీ గంపల కింద మూసి, తెల్లవారాక వదలకుండా ఇంటింటికీ తిరగాలి. సీసా పట్టుకు తిరిగే మనిషి ఆ గూడెం ఆడమనిషే అయితే ఇంకా మంచిది. ఏ ఇంటి పెట్ట ఏ చెట్టెక్కి పడుకుంటుందో ఆమెకే తెలుసు.