గోడ దాటే తిత్తులు

శిలీంధ్ర కణాన్ని చుట్టి ఉండే కణకవచం కైటిన్, గ్లూకాన్ వంటి బహుశర్కరాల అల్లికతో గట్టిపడి ఉంటుంది కాబట్టి, లోపల తయారైన భారీ అణువులు దాన్ని దాటి వెలుపలికి ఎలా చేరుతున్నాయన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉండిపోయింది. మెదడు పొరల వాపుకు కారణమయ్యే క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్ అనే ఈస్టు తన ఒంటిపై కప్పుకొనే జిగురు తొడుగుకు కావలసిన పదార్థం, కొవ్వు పొర చుట్టిన సూక్ష్మమైన తిత్తుల్లో నిండి కవచం దాటుతోందని మార్సియో రోడ్రిగ్స్, ఆర్టురో కాసడెవాల్, వారి సహచరులు 2007లో చూపడంతో ఆ ముడి వీడటం మొదలైంది. నానోమీటర్లలో, అంటే మీటరును వందకోట్ల భాగాలు చేసి కొలవవలసిన ఈ తిత్తుల్లో వ్యాధి తీవ్రతకు తోడ్పడే లాకేజ్, యూరియేజ్ ఎంజైములు సైతం ఉన్నాయని మరుసటి ఏడాదే తేలింది.

రాకపోకలు ఒక దిశకే పరిమితం కావు. 2021లో బ్లాక్ ఫంగస్ విజృంభించినప్పుడు తెలుగు రాష్ట్రాల్లోనూ రోగుల బంధువులు ఆరాటంగా వెతికిన లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్‌లో మందు ఉండేది ఇటువంటి కొవ్వు తిత్తుల్లోనే. అవి చెక్కుచెదరకుండా క్రిప్టోకాకస్, కాండిడా కవచాలను దాటి లోపలికి వెళ్లగలవని, కవచానికి సాగే గుణం ఉండటమే అందుకు కారణమని 2018లో వెలువడిన ఒక అధ్యయనం వివరించింది.

అదే ఏడాది క్రిప్టోకాకస్ గాటీపై వచ్చిన పరిశోధనలో, ఉగ్రమైన రకం విడిచిన తిత్తులను స్థూలభక్షకాలు, అంటే సూక్ష్మజీవులను మింగే రక్షక కణాలు, లోనికి తీసుకున్నప్పుడు, అంతకుముందే ఆ రక్షక కణాల్లో చిక్కుకొని ఉన్న బలహీన రకం కూడా వేగంగా వృద్ధి చెందింది. తోటి శిలీంధ్రానికి దూరం నుంచే అందిన సందేశమది.

అన్నింటికంటే లోతైన కథ బూడిద రంగు బూజు తెగులు తెచ్చే బొట్రైటిస్ సినీరియాది. జన్యువుల పనిని ఆపగల చిన్న ఆర్‌ఎన్‌ఏలను ఈ శిలీంధ్రం మొక్క కణంలోకి పంపి, మొక్కకే చెందిన ఆర్గొనాట్ అనే ప్రొటీనుకు తగిలించి, వారి వేలితో వారి కన్నే పొడిచినట్టు రక్షణ జన్యువుల నోరు నొక్కేస్తుందని హైలింగ్ జిన్ బృందం 2013లో వెల్లడించింది. ఆ సరుకును తిత్తులే చేరవేస్తున్నాయని 2023లో నిరూపించింది. మొక్క కూడా ఊరుకోదు. అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్క తన తిత్తుల్లో చిన్న ఆర్‌ఎన్‌ఏలను ఎదురు పంపుతుందని, అవి శిలీంధ్రంలో తిత్తుల రవాణాను నడిపే జన్యువులనే దెబ్బతీస్తాయని 2018లో ఇదే బృందం కనుగొన్నది. ప్రత్యర్థి సరఫరా దారినే మొక్క గురిచూసి తెంచుతోందన్న ఈ విషయం ఇటీవలి మొక్కల వ్యాధిశాస్త్రంలో అత్యంత అద్భుతమైనదని చెప్పడం అతిశయోక్తి కాదు.

శిలీంధ్రనాశక మందులకు బొట్రైటిస్ లొంగకుండా పోతున్న కాలంలో ఈ జ్ఞానానికి విలువ ఎక్కువ. దాని జన్యువులకు సరిపోయే ఆర్‌ఎన్‌ఏను పండ్లపై, కూరగాయలపై, పూలపై పిచికారీ చేస్తే తెగులు తగ్గినట్టు 2016లో వెల్లడైంది. వట్టి ఆర్‌ఎన్‌ఏ త్వరగా విచ్ఛిన్నమవుతుంది కనుక, కృత్రిమ కొవ్వు తిత్తుల్లో పొదిగి చల్లగా టమాటా, ద్రాక్ష పండ్లకు మరిన్ని రోజులు రక్షణ లభించింది.